బారెడు పురుగు

నడక 688. వైశాఖం, ఆదివారం

నడకలో చూసినవి నమోదు చేసే చెవిపెట్టెకు చెప్పవలసినదంతా చెప్పేశాను. తాబేలు పిల్లలు నలభై ఒకటి, గరుడపక్షులు రెండు, నీటికుక్క ఒకటి, ఉల్లంకి పిట్టలు లెక్కకు అందలేదు. ఈ నోటు పుస్తకం మాత్రం నా సొంతానికి. పెట్టెకు సంతోషం గురించి చెబితే "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంటుంది.

ఇవాళ తీగబండిలో ఆరుగురు దిగారు. అందరూ కొండపట్నం వాళ్లే. ఇప్పుడు జనమంతా అక్కడే కదా ఉన్నది. నేనూ ముప్ఫై నాలుగేళ్లు అక్కడ పదకొండో అంతస్తులోనే బతికాను. అన్నేళ్లలో నా కంటికి ఆనిన అతిదూరపు వస్తువు ఎదురింటి వాళ్లు ఆరేసిన దుప్పటి. అందుకే సరుగుడు తోపు దాటి గట్టెక్కగానే ఈ మనుషులు ఎందుకు నోరు తెరుచుకుని నిలబడిపోతారో నాకు బాగా తెలుసు. ఐదు నిమిషాలు వాళ్ల జోలికి పోను.

ఆరుగురిలో ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. "అమ్మాయ్, ఇది ఎక్కడ ఆగుతుంది?" అన్నాడు సముద్రం కేసి చూస్తూ.

"ఆగదండీ. మనమే ఆగాలి" అన్నాను.

ముక్కాం దిబ్బ నుంచి కోనాడ మొగ దాకా పదకొండు కిలోమీటర్లు మా బాట. ముందు సరుగుడు తోపు, తరవాత ఎర్రమట్టి గట్టు. గట్టు మీంచి చూస్తే కింద నీళ్లలో పాత రోడ్డు మైలురాళ్లు కనిపిస్తాయి, వాటి నెత్తిన కొంగలు కూర్చుని ఉంటాయి. ఆపైన మొగలి పొదలు, రాతి మడుగులు. చివర ఏరు సముద్రంలో కలిసే మొగ. రోజూ నడుస్తాను. రోజూ ఏదో ఒకటి కొత్తగా కనబడుతుంది. ఇంత సుఖమైన ఉద్యోగం నాకెలా దొరికిందా అని ఇప్పటికీ అనుమానమే.

గట్టు దిగాక ఆఖరి తాబేలు పిల్ల ఒకటి నీళ్లవైపు పాకుతూ కనబడింది. మిగతావి పొద్దున్నే వెళ్లిపోయాయి, ఇది బద్ధకస్తురాలు. పైన గరుడపక్షి చక్కర్లు కొడుతోంది. మాస్టారు గొడుగు విప్పి దాని మీద పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ పావుగంట నడిచాడు. బాట మీద గొడుగు విప్పకూడదని రూలు. నేను అటు తిరిగి సరుగుడు చెట్లు లెక్కపెట్టాను.

సాయంత్రం పెట్టె మామూలుగానే గుర్తుచేసింది. "పాము. చివరిసారి కనబడి పదకొండేళ్ల పది నెలలు."

మా తీరానికి తొమ్మిది జీవాల జాబితా ఉంది. వాటిలో ఏ ఒక్కటైనా పన్నెండేళ్లు వరసగా కనబడకపోతే తీరం ఖాళీ అయిపోయినట్టే లెక్క. బాట మూసేస్తారు, తీరం పొడుగునా గోడ కట్టేస్తారు. ఎనిమిది జీవాలు నాకు రోజూ ఎదురొస్తాయి. తొమ్మిదోది రెండేళ్లుగా ఒక్కసారీ రాలేదు. గోడ స్తంభాలు భీమిలి వైపు నుంచి ముక్కాం దాకా వచ్చేశాయి. రెండు నెలలే గడువు.

నడక 689. సోమవారం

తిరుగు దారిలో నూకాలు పెద్దమ్మ ఇంటి దగ్గర ఆగాను. గరికిన నూకాలు నాకు ముందు పదేళ్లు ఈ బాట నడిచిన మనిషి. మోకాళ్లు మొరాయించాక ఉద్యోగం నాకొచ్చింది. చేపల కంచేరు ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క ఇంట్లో ఉంటుంది. గోడ వస్తే ఆ ఇల్లు గోడకు అవతల పడుతుంది. ఆమెను కొండపట్నంలో తొమ్మిదో అంతస్తుకు ఎక్కిస్తారట, కాగితం కూడా వచ్చింది. ఆ కాగితాన్ని ఉప్పు జాడీ మీద మూత కింద బిగించింది.

ఎండుచేపల పులుసు పెట్టింది. తింటూ అడిగాను. "పెద్దమ్మా, నువ్వు నడిచిన పదేళ్లలో పాము అనేది ఎప్పుడైనా..."

చటుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఒలే సుగునా, ఆ పేరు ఎత్తకే. అన్నం కాడ ఆ మాటేటి?"

"నాకు కావలసింది అదే కదా. రెండు నెలల్లో..."

"ఎత్తకన్నాను కదేటి. పులుసు పోసుకో."

పెద్దావిడకు భయం కాబోలు అనుకుని ఊరుకున్నాను. పులుసు అద్భుతంగా ఉంది. మూడుసార్లు పోసుకున్నాను.

నడక 701. జ్యేష్ఠం

ఎండలు మండిపోతున్నాయి. నా కొట్టంలో నీళ్ల తొట్టి అడుగంటింది. పొద్దున్నే పెట్టెకు చెప్పాను. నీళ్లు వస్తే స్నానం చేసి మరీ రాస్తాను.

నడక 704

నీళ్లు రాలేదు. మూడు రోజులు. కొండ కింద ఊటలో బిందె ముంచి తెచ్చుకుంటున్నాను. ఒంటికి ఉప్పు పట్టి, నన్ను ఎండేస్తే ఏడాది నిలవుంటాను.

కోపమొచ్చి పెట్టెను అడిగితే అది తాపీగా నా మాటే నాకు వినిపించింది. నా గొంతే. "నీళ్లు నిండుకున్నాయి." దాని కింద అచ్చు: తొట్టి నిండుగా ఉన్నది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మామూలుగా నేను "అయిపోయాయి" అనేదాన్ని. నూకాలు పెద్దమ్మ ఇంట్లో ఉప్పయినా బియ్యమైనా అయిపోయాయంటే ఊరుకోదు, నిండుకున్నాయి అనాలి. ఆమె పులుసు తిని తిని ఆమె మాట నాకు అంటుకుంది. యంత్రానికి ఎవరు చెప్పాలి, నిండుకోవడమంటే ఖాళీ కావడమని?

మరి పదేళ్లు ఈమె నీళ్లు ఎలా తెప్పించుకుంది? చూద్దామని ఆమె పాత నమోదులు తీశాను. తెలివైంది. "నీళ్లు పంపండి" అని మాత్రమే చెప్పింది. ఊరికే ఇంకో నాలుగు రోజులు కిందకు చదివాను.

"రాతి మడుగు. పురుగులు రెండు. ఒకటి మూరెడు, ఒకటి బారెడు."

చదివేసి దాటిపోయాను. మళ్లీ వెనక్కి వచ్చాను. బారెడు పురుగు. రెండు చేతులూ బార్లా చాచి చూసుకున్నాను. ఇంతేసి పురుగులు తిరిగే తీరమైతే నన్ను ఎప్పుడో పీక్కుతినేవి.

"మొగ దగ్గర. నల్లచారల పురుగు. ఊపిరి కోసం పైకొచ్చింది. తెడ్డులాంటి తోక."

అప్పుడు తెలిసింది. మా అమ్మమ్మ కూడా అలాగే అనేదట, చీకట్లో పురుగు ముడుతుంది, బయటికి పోకు అని. నేను పుట్టి పెరిగిన అంతస్తుల్లో పాముల్లేవు కాబట్టి వాటి ముద్దుపేర్లూ లేవు. పెద్దమ్మ పదేళ్లూ ఆ పేరు ఎత్తకుండానే ప్రతి ఒక్కదాన్నీ లెక్కపెట్టింది. పెట్టె ఒక్కదాన్నీ వదలకుండా తీసుకెళ్లి కీటకాల పట్టీలో వేసింది. కూడి చూశాను. ఆరువందల పద్నాలుగు నమోదులు.

నడక 706

తీరం ఆఫీసులో మా బాట చూసే అధికారి కూర్మారావు గారు. పెట్టెలోంచి మాట్లాడాను. మర్యాదస్తుడు. మర్యాదగానే కాదంటాడు.

"సుగుణ గారూ, ఒక మాటకు నమోదైన అర్థం మార్చాలంటే నిబంధన ఉంది. ఆ మాట వాడిన ప్రతిచోటా, వాడిన మనిషే ఒప్పుకోవాలి."

"ప్రతిచోటా అంటే ఆరువందల పద్నాలుగు చోట్లా?"

"అవునండీ. పురుగు అంటే పాము అని ఆవిడ నోటితో చెప్పాలి. లేదా మీరొక పామును చూపించినా చాలు, నాకింత శ్రమ ఉండదు."

వర్షాకాలం వచ్చేస్తోంది, మడుగుల మీద మనిషెత్తు కెరటాలు పడుతున్నాయి. అవి మాఘంలో సముద్రం నెమ్మదించాకే మడుగుల్లోకి వస్తాయని పెద్దమ్మ నమోదులే చెబుతున్నాయి. గడువు ఆషాఢంలో.

నడక 709

పెద్దమ్మను మూడు రోజులుగా బతిమాలుతున్నాను.

"మా అమ్మ ఎత్తనేదు. మా అత్త ఎత్తనేదు. పేరెత్తితే పిలిసినట్టే. డెబ్బయ్యొక్కేళ్లొచ్చినాక నానేటి ఇప్పుడు కొత్తగా ఎత్తడం?"

"పెద్దమ్మా, నువ్వు ఎత్తకపోతే బాట పోతుంది. నీ ఇల్లు పోతుంది."

"తెల్దనుకున్నావేటి?" అంది. గుమ్మం ముందు ఎర్ర పీతలు ఇసకలో కన్నాలు తవ్వుకుంటున్నాయి, వాటినే చూస్తూ కూర్చుంది. చివరకు అడిగింది. "ఆ బాబు పేరేటి?"

"కూర్మారావు గారు."

"మంచి పేరే. ఆ బాబునే ఎత్తమను. నాను ఔనంటాను."

నేను అప్పటికప్పుడు ఆమె చేతులు పట్టుకున్నాను. ఇంతకన్నా రాయడానికి ఇవాళ చేత కావడం లేదు.

నడక 712. జ్యేష్ఠం చివర

పెట్టెను పెద్దమ్మ అరుగు మీదికి తెచ్చి పెట్టాను. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టారు. కూర్మారావు గారు ఒక్కో నమోదూ చదివి, "ఇది పామేనా అమ్మా?" అని అడగాలి. ఆమె జవాబు చెప్పాలి.

మొదటిసారి ఆ పేరు వినబడగానే చెంపలేసుకుంది. రెండోసారీ వేసుకుంది. ఇరవై దాటేసరికి చెంపలు ఎర్రబడ్డాయి, ఆ మొక్కు మానేసింది. నేను అనుకున్నట్టు ఊరికే ఔను ఔను అనుకుంటూ పోలేదు. ప్రతిదీ గుర్తుచేసుకుని మరీ చెబుతోంది.

"నూట పదమూడు. మొగ దగ్గర, పురుగు ఒకటి, వల పీలికలో చిక్కింది."

"ఔ. కొడవలెట్టి కోసి ఇడిసినాను. నా ఏపు ఓపాలి సూసి ఎల్లిపోనాది."

"నూట నలభై. రాతి మడుగు, పురుగులు నాలుగు."

"ఔ. తల్లీ పిల్లలు. అవి ఈనతాయి బాబూ, గుడ్లు ఎట్టవు."

అవతల కూర్మారావు గారు ఏదో రాసుకుంటున్న చప్పుడు. ఆయనకు అది పనిలో భాగం కాదనుకుంటాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండువందల ఏడు వచ్చింది.

"మొగలి పొద. పురుగు ఒకటి. ఇది పామేనా అమ్మా?"

పెద్దమ్మ ముంజెయ్యి ఓసారి తడుముకుంది. నేను పులుసు గిన్నె కడుగుతూ ఆగిపోయాను.

"కాదు" అంది.

"మళ్లీ చెప్పండమ్మా."

"కాదు బాబూ. అది పురుగే. గొంగలి పురుగు. సేతికి రాసుకుని దద్దుర్లొచ్చినాయి, రొండు దినాలు గోక్కున్నాను."

ప్రతిచోటా ఒప్పుకోవాలని నిబంధన. ఒక్కచోట కాదన్నా మొత్తం పోయినట్టే. దగ్గరికెళ్లి ఆమె చెవిలో అన్నాను. "పెద్దమ్మా, ఇంకోసారి ఆలోచించు. ఔనన్నంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు."

"ఆలోసించీసినాను" అంది, పెట్టెకు కూడా వినబడేలా. "లేనిదాన్ని ఉన్నాదంటే, ఉన్నవి కూడా లేకండా పోతాయే సుగునా."

పెట్టెలో కాగితాలు తిప్పిన చప్పుడు. తరవాత కూర్మారావు గారు మెల్లిగా అన్నారు. "అమ్మా, ఇక అర్థం మార్చడం కుదరదు. నిబంధన ప్రకారం ఇక్కడితో ఆపేయాలి."

"ఆపీమంటే ఆపీ. ఇంకెన్నున్నాయి?"

"నాలుగువందల ఏడు."

"వాటి మాటేటి మరి? సూసినాను కదా."

నేను కళ్లు తుడుచుకున్నాను, తుడుచుకున్నానని రాయడానికి సిగ్గులేదు. నా మీద నాకే కోపం. ఆమె మీద ఇంకా కోపం. గొంగళి పురుగు కోసం ఇల్లు పోగొట్టుకునే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

"చదువుతానమ్మా" అన్నారు కూర్మారావు గారు. "రెండువందల ఎనిమిది."

నడక 713

ఇవాళ సాయంత్రం నాలుగింటికి ముగిసింది. మొత్తం మూడుసార్లు కాదంది. రెండు గొంగళ్లు, ఒక జెర్రి. జెర్రి గురించి నిజంగా నొచ్చుకుంది, "దాన్ని నాను సరిగ్గా సెప్పనేదు, నాదే తప్పు" అని. కూర్మారావు గారు నమస్కారం చెప్పి పెట్టె కట్టేశారు. ఏమవుతుందో చెప్పలేదు.

పెద్దమ్మ తొమ్మిదో అంతస్తు కాగితాన్ని జాడీ మూత కిందనుంచి తీసి, ఉప్పు దులిపి, మడిచి ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. "అక్కడ ఎండుసేపలు ఆరెట్టుకోనిస్తారేటి?" అని అడిగింది. ఆరబెట్టుకోనివ్వరని నాకు తెలుసు. కనుక్కుంటానని చెప్పాను.

నడక 731. ఆషాఢం

నడవడం మానలేదు. మానమని ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి. ముసురులో సరుగుడు తోపు ఒకటే హోరు. ఉల్లంకులన్నీ ఎటో పోయాయి. రెండు నీటికుక్కలు మాత్రం మొగ దగ్గర ఒక చేప కోసం దెబ్బలాడుకుంటూ, నన్ను చూసి ఒక్కటైపోయి నామీద అరిచాయి. ఇదే ఆఖరి వారమైతే ఇంతమాత్రం దక్కినందుకు ఎవరికో దండం పెట్టుకోవాలి. ఎవరికో తెలియక సముద్రానికి పెట్టాను.

కొట్టానికి వచ్చేసరికి ఉత్తరం. కూర్మారావు గారిది. మక్కీకి మక్కీ ఎక్కిస్తున్నాను.

"సుగుణ గారికి. పురుగు అనే మాటకు అర్థం మార్చడానికి నిబంధన ఒప్పుకోలేదు. అయితే ఒక్కో నమోదునూ విడివిడిగా, అధికారి తన చేత్తో తిరగరాసి సంతకం పెట్టవచ్చని ఇంకో నిబంధన ఉంది. అంత ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ వాడలేదు. పదిహేను రోజుల్లో ఆరువందల పదకొండూ రాశాను. పై అధికారులు ఆమె మాట ఎలా నమ్మాలన్నారు. ఆ మూడూ చూపించాను. లాభం ఉన్నచోట కాదన్న మనిషి ఆమె అన్నాను. ఒప్పుకున్నారు. గోడ ముక్కాం దగ్గరే ఆగి లోపలికి తిరుగుతుంది. మీ బాట ఉంటుంది.

"ఒక చిక్కు వచ్చింది. కొత్త పట్టీకి పేరు కావాలి. పురుగు అంటే నిబంధన ఒప్పుకోదు. ఇంకో పేరుకు ఆమె ఒప్పుకోదు. అందుకని 'నూకాలు చూసినవి' అని పెట్టాను. మీ చెవిపెట్టెకూ అదే నేర్పాము. మా నాన్నమ్మ కూడా ఆ పేరు ఎత్తేది కాదు. చదువుకున్న కొత్తలో నేను నవ్వేవాణ్ణి."

వానలో పరుగెత్తాను. బాట ఉంది, ఇల్లు ఉంది అని అరుగు మీంచే చెప్పాను. పెద్దమ్మ తల తుడుచుకోమని గుడ్డ ఇచ్చింది. పట్టీ పేరు మాత్రం చెప్పలేదు. సిగ్గుపడి మార్పించమంటుందని భయం.

నడక 940. మాఘం

సముద్రం నెమ్మదించింది. మధ్యాహ్నం ఆటుకు నీళ్లు బాగా తీశాయి. పెద్దమ్మను కర్ర మీద ఒక చెయ్యి, నా భుజం మీద ఒక చెయ్యి వేయించి రాతి మడుగుల దాకా నడిపించుకొచ్చాను. అర కిలోమీటరుకు గంటన్నర పట్టింది. రాళ్లమీద తను నడవలేదు, ఇసకలో కూర్చుంది.

"ఆ బూట్లు ఇప్పీ" అంది.

"రాళ్లు గుచ్చుకుంటాయి పెద్దమ్మా."

"అందుకే రొండేళ్లు నీకు ఒక్కటీ కనపడనేదు. దబదబా దరువేసుకుంటా ఎల్తే ఎవరుంటారు? ఇప్పీసి, తిన్నగా ఎల్లు. మూడో మడుగు. రాతి అంచు కింద సూడు."

బూట్లు విప్పి ఆమె ఒళ్లో పెట్టాను. రాళ్లు నిజంగానే గుచ్చుకున్నాయి. మూడో మడుగు దగ్గర వంగి కూర్చున్నాను. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. చిన్న చేపలు, ఒక పీత, నాచు. చాలాసేపు అంతే. కాళ్లు తిమ్మిరెక్కాయి.

అప్పుడు నాచు అనుకున్నది కదిలింది. పసుపు మీద నల్లచారలు. తెడ్డులాంటి తోక అటూ ఇటూ ఆడిస్తూ తీరిగ్గా పైకొచ్చింది, ముక్కు బయట పెట్టి ఊపిరి తీసుకుంది. నా చేతికీ దానికీ రెండు జానలు దూరం. భయం వేయలేదు. ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఇక్కడే ఉండి, నా బూట్ల చప్పుడు విని మర్యాదగా పక్కకు తప్పుకున్నదన్నమాట.

"ఏటి, ఉన్నాదా?" అని ఇసకలోంచి పెద్దమ్మ.

"ఉంది" అన్నాను, గొంతు తగ్గించి.

"ఎంతున్నాది?"

"బారెడు."

ఆమె నా బూట్లు పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. నేను నడుముకున్న చెవిపెట్టెను నోటి దగ్గరికి తీసుకుని మెల్లిగా చెప్పాను. పెట్టె వెంటనే జవాబిచ్చింది. "ఆరువందల పన్నెండు."

తిరిగి ఇసకలోకి వచ్చేసరికి పెద్దమ్మ మొహం ముడుచుకుని ఉంది. "పెట్టెకేటి సెప్పినావు? పేరెత్తీసినావేటి?"

"ఎత్తాను" అన్నాను. "నీ పేరే."